చెవి చేసిన తప్పుకు నాలుకకు శిక్షా?

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేత పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే తెలుగు ఇంజనీరును ఒక తెల్లజాతి మనిషి కాల్చి చంపాడు. కొద్ది రోజులకే అక్కడి తెలుగువాళ్ల ఫోన్లలో ఒక జాగ్రత్తల జాబితా తిరిగింది. ఒక తెలుగు సంఘం బాధ్యుడు పెట్టిన సూచనలవి. రెచ్చగొడితే వాదనకు దిగొద్దు, ఒంటరి చోట్లకు వెళ్లొద్దు, ప్రమాదం అనిపిస్తే 911కి ఫోన్ చేయండి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. కానీ అదే జాబితాలో ఇంకో మాట ఉంది: నలుగురిలో ఉన్నప్పుడు మాతృభాష పక్కన పెట్టి ఇంగ్లీషులోనే మాట్లాడండి.

చెప్పినవాళ్ల మంచి మనసును శంకించను. శవం ఇంకా ఇల్లు చేరకముందే, పిల్లల్ని ఎలా కాపాడుకోవాలా అని తల్లడిల్లినవాళ్లు అన్న మాట అది. అయితే ఆ ఒక్క వాక్యం వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఆ సిద్ధాంతం 2017లో పుట్టలేదు, ఆ ఏడాదితో పోనూ లేదు. ఇవాళ్టికీ మన ఇళ్లలో అదే లోకజ్ఞానంగా చెలామణీ అవుతోంది.

ముందు పూర్వపక్షాన్ని దాని బలంతోనే చెప్పుకుందాం. పరాయి దేశం పోయాం. అది వాళ్ల ఊరు, వాళ్ల పద్ధతి. ఏ ఎండకా గొడుగు పట్టినవాడే బతకనేర్చినవాడు. వెంకట సత్యనారాయణ అంటే వాళ్లకు నోరు తిరగదు. సామ్ అని పిలిపించుకుంటే మన సొమ్మేం పోయింది? మాటలో యాస తగ్గించుకుంటే ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది. ఆఫీసు మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేయకపోతే ఎవరూ ముక్కు చిట్లించరు. షాపులో పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. తగ్గి ఉంటే గొడవ రాదు, కలిసిపోతే పరాయివాళ్లం కాము. విజయవాడ నుంచి వీడియో కాల్‌లో నాన్న చెప్పేదీ, డాలస్‌లో స్థిరపడ్డ బాబాయి చెప్పేదీ ఇదే. ఇందులో భయం ఉంది, ప్రేమ ఉంది, కొంత అనుభవమూ ఉంది. లేనిదల్లా నిజం.

ఒలేతనే చూడండి. శ్రీనివాస్ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్‌లో ఎంఎస్ చేసి, గార్మిన్ కంపెనీలో పనిచేసేవాడు. ఆఫీసయ్యాక స్నేహితుడితో కలిసి దగ్గర్లోని బార్‌లో కాసేపు కూర్చోవడం అలవాటు. అక్కడి సిబ్బందికి ఇద్దరూ తెలిసిన ముఖాలే. అంటే ఆ ఊరి మధ్యతరగతి మనిషి సాయంత్రం ఎలా గడుపుతాడో అచ్చం అలాగే గడుపుతున్నారు. తర్వాత కాల్పులు జరిపిన ఆ తెల్లజాతి మనిషి వచ్చి మీదే దేశం, ఏ వీసా మీద వచ్చారు అని నిలదీశాడు. వీళ్లు మాటకు మాట అనలేదు. బార్‌వాళ్లు అతణ్ని బయటికి పంపించేశారు. అతను తుపాకీతో తిరిగొచ్చాడు. ఆపబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి యువకుడికీ తూటా దిగింది. ఆ తర్వాత పక్క రాష్ట్రంలోని ఒక రెస్టారెంట్‌లో హంతకుడు చెప్పుకున్నదేమిటో తెలుసా? ఇద్దరు ఇరానియన్లను కాల్చానని!

తెలుగు ఏదో ఫార్సీ ఏదో తెలియని మనిషి అతను. వీసా కాగితాలు సక్రమంగా ఉన్నాయా లేదా అన్నదీ అతనికి అక్కర్లేదు. ఒంటి రంగు చూశాడు, తన కడుపులోని ద్వేషానికి దొరికిన దేశం పేరు తగిలించాడు. ఇంగ్లీషులో మాట్లాడితే బతకొచ్చన్న పాఠం ఈ హత్యలోంచి ఎలా వచ్చింది? రాలేదు. మనమే తెచ్చిపెట్టుకున్నాం. తెచ్చుకుని, కాల్చినవాణ్ని అడగాల్సిన ప్రశ్నను కాల్పులకు గురైనవాళ్ల నోటి మీదికి తిప్పాం. హంతకుడికి 2018లో కోర్టు యావజ్జీవం వేసింది. నాలుకకు మనం వేసుకున్న శిక్ష మాత్రం ఇంకా నడుస్తోంది.

ఎండ ఎవరి మీదైనా ఒకేలా కాస్తుంది కాబట్టి గొడుగు పనికొస్తుంది. జాతి ద్వేషం మనిషిని ఎంచుకుని మరీ కాస్తుంది. గొడుగు పట్టిన చేతి రంగు చూస్తుంది. సామెత ఇక్కడ అందుకే చెల్లదు.

కలిసిపోతే కాపాడతారన్న మాటకు వందేళ్ల కిందటే జవాబు దొరికింది. వైష్ణోదాస్ బగాయి 1915లో పెషావర్ నుంచి భార్య కళతో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. సూటు తొడిగాడు, ఇంగ్లీషు మాట్లాడాడు, దుకాణం పెట్టాడు, 1921లో అమెరికా పౌరుడయ్యాడు. రెండేళ్లు తిరక్కుండానే భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. ఆ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. తాను ఆర్యజాతివాణ్ని, పై కులంవాణ్ని, కాబట్టి తెల్లవాళ్లలో లెక్కేనని వాదించాడు. కులం గొప్ప చూపించి రంగు గీత దాటబోయిన ఆ వాదన వాషింగ్టన్‌లో చెల్లలేదు. ఈ తీర్పుతో బగాయి పౌరసత్వం ఊడింది. ఆస్తి నిలుపుకోలేకపోయాడు. 1928లో ప్రాణం తీసుకున్నాడు. కారణాలు వివరిస్తూ ఆయన రాసిన ఉత్తరాన్ని అక్కడి పత్రిక అచ్చు వేసింది. ఇంకెంత కలిసిపోవాలి? ఆయన వదులుకోనిది, వదులుకోవడానికి వీల్లేనిది ఒక్కటే, ఒంటి రంగు.

అది పాతకాలం అంటారా? 2024 మే నెలకు రండి. వివేక్ రామస్వామి సిన్సినాటిలో పుట్టినవాడు, పేరున్న విశ్వవిద్యాలయాల్లో చదివినవాడు, రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీకి దిగినవాడు. పుట్టుకతోనే అమెరికన్ ఇంగ్లీషు. మితవాదుల మనసుకు నచ్చే మాటలు వాళ్లకంటే గట్టిగా చెప్పేవాడు. ఆన్ కూల్టర్ అనే మితవాద రచయిత్రి ఆయన కార్యక్రమానికే వచ్చి, మీరు చెప్పేవాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను, అయినా మీకు ఓటు వేసేదాన్ని కాదు, ఎందుకంటే మీరు భారతీయుడు అని ఆయన ముఖం మీదే చెప్పింది. యాస లేదు, అభిప్రాయభేదం లేదు, వీసా సమస్య లేదు. అయినా తలుపు తెరుచుకోలేదు.

ఇక యాస సంగతి. యాస తగ్గించుకోమనేది ద్వేషానికి భయపడి కాదు, అర్థం కావడానికి అంటారు కొందరు. సరే, ఆ మాటనూ పరీక్షకు పెట్టినవాళ్లున్నారు. జార్జియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ రూబిన్ అనే అధ్యాపకుడు విద్యార్థులకు ఒక చిన్న ఉపన్యాసం రికార్డు వినిపించాడు. మాట్లాడినామె ఓహాయో రాష్ట్రంలో పుట్టి పెరిగిన అమెరికన్. అందరూ విన్నది ఆ ఒక్క గొంతే. కానీ కొందరికి ఎదురుగా తెల్లజాతి స్త్రీ ఫొటో పెట్టారు, కొందరికి ఆసియా స్త్రీ ఫొటో పెట్టారు. ఆసియా ముఖం చూస్తూ విన్నవాళ్లకు ఆ గొంతులో విదేశీ యాస వినిపించింది. అంతటితో ఆగలేదు. పాఠం అర్థం చేసుకోవడంలోనూ వాళ్లు వెనకబడ్డారు. 1992లో అచ్చయిన ఈ పరిశోధన మన యాస గురువులెవరూ చదివినట్టు లేదు. లేని యాస వినిపించే చెవి ముందు, ఉన్న యాసను ఎంత అరగదీస్తే ఏం లాభం?

ఫోన్‌లోనైతే ముఖం కనపడదు కదా అనొచ్చు. దానికి జాన్ బా అనే నల్లజాతి భాషాశాస్త్రవేత్త అనుభవమే సమాధానం. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో అద్దె ఇంటి కోసం ఆయన ఫోన్ చేస్తే, అధ్యాపకుడి ఇంగ్లీషు విని యజమానులు రమ్మనేవారు. గుమ్మం ముందు నిలబడగానే ఇల్లు అద్దెకిచ్చేశామనేవారు. ఆ తర్వాత ఆయన దాన్నే పరిశోధనగా మార్చాడు. ఇళ్ల యజమానులకు ప్రామాణిక ఇంగ్లీషులో ఒకసారి, నల్లవాళ్ల యాసతో ఒకసారి, మెక్సికన్ యాసతో ఒకసారి ఫోన్ చేశాడు. తెల్లవాళ్లు ఎక్కువుండే పేటల్లో రెండో గొంతుకూ మూడో గొంతుకూ పిలుపులు తగ్గిపోయాయి. రెండు అనుభవాలూ కలిపి చదవండి. యాస ఉంటే ఫోన్‌లో కాదంటారు, లేకపోతే గుమ్మంలో కాదంటారు. యాస మార్చుకున్నందుకు దక్కిన లాభమల్లా అక్కడిదాకా వెళ్లిన పెట్రోలు ఖర్చు.

హైదరాబాద్‌లో కాల్ సెంటర్ శిక్షణ చూసినవాళ్లకు 'ఎంటీఐ' అంటే విడమరచి చెప్పక్కర్లేదు. మాతృభాష ప్రభావాన్ని మూడక్షరాల్లో బిగించిన జబ్బు పేరు అది. కాల్ వింటూ మార్కులు వేసేవాళ్లు 'ఎంటీఐ ఎక్కువుంది' అని రాస్తే ఇన్సెంటివ్‌కు కోత. అమ్మ దగ్గర నేర్చిన ఉచ్చారణ మార్కుల కాగితంలో తప్పుల ఖాతాలో పడుతుంది. వరంగల్ పిల్ల వి ఎక్కడ, డబ్ల్యూ ఎక్కడ అని పెదవులు కొరుక్కుంటూ రాత్రంతా సాధన చేస్తుంది. ఇప్పుడు ఆ బాధా అక్కర్లేదట. సానస్ అనే అమెరికన్ సంస్థ, మాట్లాడుతుండగానే మన యాసను వాళ్ల యాసగా మార్చే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. 2025 నాటికి పెద్ద కాల్ సెంటర్ కంపెనీలే దాన్ని వాడుకలోకి తెచ్చాయి. తగ్గి ఉండమనే సిద్ధాంతం చివరికి చేరే చోటు ఇదే: పని నీది, ఓపిక నీది, తిట్లు తినేదీ నువ్వే, గొంతు మాత్రం నీది కాదు. ఇంత డబ్బు పోసి మాట్లాడేవాడి నోరు మార్చేవాళ్లు, వినేవాడి చెవికి ఒక్క పైసా పాఠం చెప్పించిన దాఖలా ఉందా?

ప్రతిపక్షం చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇప్పుడు చూద్దాం. పేరు. తమిళనాట పుట్టిన సెంధిల్ ముల్లైనాథన్, మారియాన్ బెర్ట్రాండ్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లోని ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతల్లో తేడా లేదు, పేర్లలోనే తేడా. తెల్లవాళ్ల పేర్లున్న దరఖాస్తులకు నల్లవాళ్ల పేర్లున్నవాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. 2004లో అచ్చయిన ఫలితమిది. కెనడాలోని టొరంటోలో ఫిలిప్ ఒరియోపౌలస్ భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్లతో అలాంటి పరీక్షే చేస్తే, ఇంగ్లీషు పేర్లకు మూడో వంతుకు మించి ఎక్కువ పిలుపులు అందాయి. 'చూశారా, పేరు కుదించుకుంటే ఉద్యోగమొస్తుందని మీ పరిశోధకులే తేల్చారు' అంటారు.

తేల్చారు. అద్దె కట్టాల్సిన నెలలో రెజ్యూమే మీద పేరు కత్తిరించుకున్న కుర్రవాణ్ని నేను తప్పుపట్టను. అది అతని అవసరం. అవసరాన్ని నీతిగా మార్చి అందరికీ బోధించేవాళ్లతోనే నా తగవు. ఆ పరిశోధనలు పట్టిచ్చిన దొంగ ఎవరు? దరఖాస్తు పెట్టినవాడా, పేరు చూడగానే పక్కన పడేసినవాడా? అర్హతలు ఒకటేనని పరిశోధకులే సరిచూసి పెట్టారు కదా, అభ్యర్థిలో లోపం వెతకడానికి చోటెక్కడ? ఇంకో చిక్కూ ఉంది. ఒక్కడు సామ్ అయితే వాడికి మేలు జరగొచ్చు. వందమంది సామ్‌లు అయ్యేసరికి, సత్యనారాయణ అన్న పేరు ఆ ఆఫీసు చెవిన పడే అవకాశమే పోతుంది. తర్వాత వచ్చే సత్యనారాయణ మరింత వింతవాడవుతాడు. ముందువాడి సుఖానికి వెనకవాడు బాకీ తీరుస్తాడు.

పైగా పేరు పొడుగే అడ్డం అన్నది సాకు. కమల అనే మూడక్షరాల పేరులో ఏం కష్టముంది? 2020 అక్టోబరులో జార్జియా సెనేటర్ డేవిడ్ పెర్డ్యూ ఎన్నికల సభలో ఆ పేరును సాగదీసి, వంకర తిప్పి, ఏదో ఒకటిలే అని నవ్వించాడు. కమలా హారిస్ సెనేట్‌లో అతని పక్కన మూడేళ్లకు పైగా పనిచేసిన సహచరి. పలకలేక కాదు, పలకనక్కర్లేదని చూపించడానికే ఆ వంకర. ఇంతకంటే విడ్డూరం కాగితాల్లో జరుగుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మొదటి పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఇక బ్యాంకు నుంచి, బీమా కంపెనీ నుంచి 'డియర్ ఎఫ్ఎన్‌యూ' అని ఉత్తరాలు. అమ్మానాన్న పెట్టిన పేరు నిక్షేపంలా కాగితం మీదే ఉన్నా, గడి చాలని తప్పు గడిది కాకుండా మనిషిదైపోతుంది.

అయితే ఏమీ మార్చుకోవద్దంటావా అని అడుగుతారు. అనను. తెలుగువాడికి మాట మార్చడం కొత్త విద్యా? అత్తగారితో ఒకలా, ఆఫీసర్‌తో ఒకలా, చిన్ననాటి నేస్తంతో ఒకలా మాట్లాడతాం. నిజామాబాద్ నుంచి తెనాలి వెళితే మాట కొంచెం వంగుతుంది, తెనాలి నుంచి కడప వెళితే ఇంకో రకంగా వంగుతుంది. ఎదుటివాడికి అర్థం కావాలని నిదానంగా మాట్లాడటం మర్యాద, కొత్త ఊరి భాష నేర్చుకోవడం తెలివి. ఈ సర్దుబాటుకీ ఆ లొంగుబాటుకీ తేడా కనిపెట్టడం పెద్ద కష్టమేం కాదు. నేను ఒక అడుగు వేస్తే అవతలివాడు ఒక అడుగైనా వేస్తున్నాడా? నేను నా మామూలు మాటలోకి తిరిగొస్తే నాకు నష్టం లేకుండా ఉంటుందా? రెండింటికీ జవాబు అవును అయితే అది స్నేహం. కాదు అయితే అది కప్పం.

అవతలివాళ్లూ అడుగు వేయగలరా అంటే, వేసిన సందర్భాలున్నాయి. బగాయి కుటుంబం బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుంటే చుట్టుపక్కలవాళ్లు లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. ఇవాళ అదే ఊళ్లో ఒక వీధికి కళా బగాయి పేరుంది. ఊరే మారింది. పట్టుబట్టి అడిగినవాళ్లుండబట్టే మారింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. తగ్గి ఉండమనే బోధ అమెరికాలో వింటే మనకు చివుక్కుమంటుంది గానీ, అదే బోధ ఇక్కడ మనం ధారాళంగా చేస్తాం. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం భద్రతా సూచనల పుస్తకం వేశారు. ఒళ్లు కనపడే బట్టలు వేసుకోవద్దు, వెదురు మొలకలు, అఖుని (పులియబెట్టిన సోయా) లాంటి వాసన వచ్చే వంటలు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా వండుకోండి అని అందులో హితవు. ఒలేత తర్వాతి జాబితాకూ దీనికీ తేడా ఏముంది? ఆ తెలివి పోలీసుల చేతికి పోవడం తప్ప! 2014 జనవరిలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియాను ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో జుట్టు రంగు చూసి వెక్కిరించి కొట్టారు. ఆ పిల్లవాడు చనిపోయాడు. తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ జాతి పేరుతో చేసే దూషణలను శిక్షించే చట్టం కావాలని సిఫారసు చేసింది. తగ్గి ఉండండి అనే సలహా పుస్తకం ఏడేళ్ల ముందే వచ్చింది మరి. ఏం ఆపగలిగింది?

ఢిల్లీని వేలెత్తి చూపితే మన వేళ్లూ కనపడతాయి. హైదరాబాద్‌లో 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని టు-లెట్ బోర్డు పెట్టేదెవరు? బ్యూటీ పార్లర్‌లో పనిచేసే మణిపూర్ అమ్మాయిని నేపాలా, చైనానా అని అడిగి, ఇండియానే అంటే, 'కాదు, అసలు ఎక్కడ?' అని మళ్లీ గుచ్చేదెవరు? తెలంగాణ మాటను దశాబ్దాల పాటు సినిమాలో రౌడీకీ హాస్యగాడికీ అప్పగించి, హీరో నోటికి రానివ్వనిదెవరు? 2013 సెప్టెంబరులో విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయినప్పుడు అక్కడివాళ్లు కొందరు ఆమెను అరబ్బు అని, ఉగ్రవాది అని తిట్టారు. మనం మండిపడ్డాం, న్యాయమే. అంత చామనచాయ పిల్లకు మన దేశంలో కిరీటం పెట్టేవారా అన్న ప్రశ్న ఆ వారమే ఇక్కడ లేచింది. దానికి గట్టిగా జవాబు చెప్పినవాళ్లు ఎంతమంది?

నల్లజాతివాళ్ల విషయంలో మన తీరు ఇంకా దారుణం. ఫలానా పేటలో ఇల్లు కొనొద్దు, అక్కడ 'వాళ్లు' ఉంటారు అని చెప్పుకోని తెలుగు విందు అమెరికాలో అరుదు. తెలుగులో అన్నాం కాబట్టి ఎవరికీ అర్థం కాదనుకుంటాం. నలుగురిలో తెలుగు మాట్లాడొద్దని భయపెట్టేవాళ్లు ఈ తెలుగును మాత్రం ఆపరు. జాతి కోటాల పాత పద్ధతి కూల్చి మనబోటివాళ్లకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం, నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల గాలిలోనే వచ్చింది. ఆ తలుపులోంచి వెళ్లే ఇవాళ లక్షలమంది తెలుగువాళ్లయ్యాం. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనగణన శాఖ లెక్కలే చెబుతున్నాయి. ఇంతమందిమి దాక్కోవడం సాధ్యమా? మన కోసం దెబ్బలు తిన్నవాళ్లను మన భాషలోనే కించపరచి, తెల్లవాళ్ల ముందు ఆ భాషే దాచుకునే ఈ సిద్ధాంతానికి లోకజ్ఞానం అని పేరెలా పెడతాం?

మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నదీ మన సామెతే. దాన్ని మర్చిపోయి గొడుగు సామెతనే ఎందుకు పట్టుకున్నామో ఆలోచించాలి. చేయాల్సింది వీరత్వం కాదు, చిన్న పనులు. పేరు తప్పు పలికితే నవ్వుతూ సరిచేయాలి, మళ్లీ తప్పితే మళ్లీ సరిచేయాలి. బడిలో టీచర్ పిల్ల పేరు కుదిస్తానంటే, నేర్చుకోండి, మా అమ్మాయి మీకు నేర్పుతుంది అనాలి. ఆఫీసులో మరొకరి పేరు నలిగిపోతుంటే, ఆ మనిషి చైనావాడైనా నైజీరియావాడైనా, మనమే కల్పించుకుని సరిగ్గా పలకాలి. పార్కులో పిల్లలతో తెలుగు మాట్లాడాలి. ప్రమాదం నిజంగా ఎదురైతే 911 ఉంది. ఆ జాబితాలో ఆ సలహా సరైనదే.

ఇవన్నీ అడిగే అర్హత మాత్రం ఇక్కడే సంపాదించుకోవాలి. న్యూజెర్సీలో మన పిల్లవాడి పేరు సరిగ్గా పలకమని నిలదీయాలంటే, కొండాపూర్‌లో మన పై అంతస్తు మణిపూర్ అమ్మాయి వంటింటి వాసన మీద ఫిర్యాదు చేయడం మనం మానుకోవాలి.